సీటు నమ్మని మనిషి

రెండు వేల ఇరవై రెండు, జూలై. వానలు అప్పుడే మొదలయ్యాయి. మాచర్లలో బస్టాండుకు కాస్త అవతల నాకొక రిపేరు షాపు ఉంది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు రేకుల పంచ, వెనక ఒక గది, మధ్యలో గ్రీజు పూసుకున్న నేను. మిర్చికి మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, కలుపు తీసే పవర్ వీడర్లు, పాత ఆయిలింజన్లు నా దగ్గరకు వస్తాయి. ఏడో తరగతిలో బడి మానేశాను. నేను బడి మానలేదనీ, బడే నన్ను మానేసిందనీ మా అయ్యవారు అంటుండేవాడు. ఏదైతేనేం, ఇద్దరం గొడవ పడకుండా విడిపోయాం.

ఈ పనిలో నేను మొదట నేర్చుకున్నది ఒకటే. మిషను అబద్ధం చెప్పదు, తెచ్చినవాడు చెబుతాడు. "ఏం చేయలేదన్నా, ఊరికే నిలబెట్టి ఉంటే దానంతటదే ఆగిపోయింది" అంటాడు. మూత విప్పి చూస్తే పెట్రోలు ఉండాల్సిన ట్యాంకులో డీజిలు ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ సూత్రం మీదే బతికాను. మిషను కూడా అబద్ధం చెబుతుందనీ, చెప్పించేవాడు గట్టి మెకానిక్కయితే అతుకు కూడా కనపడకుండా చెబుతుందనీ ఆ జూలైలో తెలిసింది. ఆ గట్టి మెకానిక్కును నేనే.

మా వైపు ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. పేరు అనవసరం. మా నేల అడుగు తవ్వితే నాపరాయి తగులుతుంది. ఎండ సంగతి రెంటచింతల పేరు చెబితే చాలు, రాష్ట్రం మొత్తానికి తెలుసు. అలాంటి చోట కాలేజీ ముందు రెండెకరాల పచ్చిక పెంచాలని చైర్మను గారికి కోరిక పుట్టింది. ట్యాంకర్లతో నీళ్ళు పోసి పెంచారు. పెరిగాక కోయాలి కదా. ఊళ్ళో గేదెల్ని వదిలితే పొద్దుగూకేలోపు నున్నగా మేసి, పైగా పాలు కూడా ఇచ్చేవి. కానీ గేదె పక్కన నిలబడి ఫొటో దిగితే హోదా ఏముంది? హైదరాబాదులో ఎవరో వాడేసి అమ్ముతుంటే ఒక రైడింగ్ మోవర్ కొనుక్కొచ్చారు.

రైడింగ్ మోవర్ అంటే మనిషి ఎక్కి కూర్చుని నడిపే గడ్డికోత బండి. బొమ్మ ట్రాక్టరులా ఉంటుంది. పొట్ట కింద బోర్లించిన ఇనప పళ్ళెం లాంటిది ఒకటి వేలాడుతుంటుంది, దాన్ని డెక్ అంటారు. డెక్ లోపల బ్లేళ్ళు ఫ్యాను రెక్కల్లా తిరుగుతాయి. తెగిన గడ్డి పక్కనున్న నోటిలోంచి చిమ్ముకుంటూ బయట పడుతుంది. ఆ నోరు చూట్. సీటు కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. మనిషి కూర్చుంటే నొక్కుకుంటుంది. మనిషి లేచిన మరుక్షణం ఇంజను గొంతు నొక్కేస్తుంది. బ్లేళ్ళు తిరుగుతుండగా ఎవడూ కిందికి దిగకూడదని ఆ ఏర్పాటు. ఈ స్విచ్‌ను గుర్తుపెట్టుకోండి.

బండి నడిపేది కోటయ్య. మా వీధివాడే, మా ఇంటికి రెండిళ్ళ అవతల. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. నాపరాళ్ళ క్వారీలో ఏళ్ళ తరబడి రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లు పట్టాడు. ఆ మోత అతని చెవుల్ని తినేసింది, ఆ దుమ్ము ఒంటిని తినేసింది. మిగిలింది తడిబట్టలతో తూస్తే యాభై కేజీలు. క్వారీ మానేశాక కాలేజీలో తోటపనికి కుదిరాడు. భార్య అంజమ్మ పిన్ని కూడా అక్కడే వరండాలు ఊడ్చేది. మోవర్ వచ్చిన రోజు నుంచీ కోటయ్య నడక మారిపోయింది. తలకు తువ్వాలు చుట్టి, వీపు నిటారుగా పెట్టి పచ్చిక మీద తిరుగుతుంటే పిల్లలు 'పైలట్ గారూ' అని చేతులు ఊపేవాళ్ళు. అతనికి ఆ కేక వినపడేది కాదు, ఊపే చేతులు మాత్రం కనపడేవి. తనూ ఊపేవాడు.

కాలేజీలో ఏవో గారి దగ్గర్నుంచి నాకు ఫోను వచ్చింది. ఏవో అంటే కాలేజీ బాగోగులు చూసే ఆఫీసరు. "ఏమయ్యా సైదులూ, ఎల్లుండి కొత్త బ్లాకు ప్రారంభం. పెద్దవాళ్ళు వస్తున్నారు. ఈ బండి పదడుగులు పోతే ఆగిపోతుంది. ఉన్నపళంగా రా."

వెళ్ళాను. కోటయ్య బండి పక్కన చంటిపిల్ల జ్వరం చూపించడానికి వచ్చిన తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడెప్పుడు ఆగుతుంది బాబాయ్?" అన్నాను.

"తిన్నాన్రా. నువ్వు తిన్నావా?"

"తిండి కాదు! బండి! ఎప్పుడు ఆగుద్ది?"

"ఓ, బండా? వానలకు నేల గుంటలు పడ్డ కాణ్ణుంచీ గతుకొస్తే చాలు, ఆగుద్ది. చానా పొగరు దీనికి."

నేనెక్కి మూడు చుట్లు తిప్పాను. గుర్రంలా పోయింది. దిగి కోటయ్యను ఎక్కించాను. మొదటి గతుకుకే టక్కున ఆగింది. మళ్ళీ నేనెక్కాను, పోయింది. మళ్ళీ అతను, ఆగింది. నేను తొంభై కేజీలు. గతుకు వచ్చినప్పుడు నా ఒళ్ళు సీటును వదలదు. కోటయ్య రెండంగుళాలు గాల్లోకి లేస్తున్నాడు. లేవగానే కింద స్విచ్ వదులవుతోంది, మనిషి దిగిపోయాడనుకుని బండి ఆగిపోతోంది.

రోగం దొరికిన సంతోషంలో మాట దానంతటదే వచ్చేసింది. "బాబాయ్, బండికేం కాలా. నువ్వు సీట్లో ఉన్నావంటే అది నమ్మట్లా!"

ఏవో గారు పకపకా నవ్వారు. తోటవాళ్ళు నవ్వారు. "ఏందిరా, ఏందంటన్నావ్?" అని కోటయ్య అడిగాడు. చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ అరిచాను. అందరికంటే అతనే ఎక్కువ నవ్వాడు. "మీ పిన్నీ అంతేరా! ఇంట్లో నేనున్నానంటే అదీ నమ్మదు!"

నా జోకుల్లో అంత బాగా పేలింది ఇంకొకటి లేదు. ఇప్పటికీ లేదు.

"ఇప్పుడేం చేస్తావు?" అన్నారు ఏవో గారు.

"కొత్త సీటు, కొత్త స్విచ్ హైదరాబాదు నుంచి తెప్పించాలి సార్. వారం పడుద్ది."

"వారమా? ఫంక్షను ఎల్లుండి అంటుంటే?"

"పోనీ డైరెక్ట్ చేసేస్తా సార్. పది నిమిషాలు."

ఆ మాట ఆయన నా నోట్లో పెట్టలేదు. నేనే అన్నాను. తర్వాత జరిగినవన్నీ ఎవరి మీదకు నెట్టినా ఇది మాత్రం నా దగ్గరే ఉంటుంది.

డైరెక్ట్ అంటే ఏమిటో పల్నాడులో ఎవరికీ చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. మధ్యలో అడ్డం పడే స్విచ్‌నో, ఫ్యూజునో, తాళాన్నో పక్కకు తప్పించి రెండు వైర్లూ కలిపెయ్యడం. మా దగ్గర డైరెక్ట్ కాని వస్తువు లేదు. బోరు మోటారు స్టార్టరు డైరెక్ట్. బైకు తాళం పోతే డైరెక్ట్. మిక్సీ మూత సరిగా పట్టకపోతే మిక్సీ డైరెక్ట్. పార్టు మార్చాలన్నవాడు చేతకానివాడు, డైరెక్ట్ చేసినవాడు పనిమంతుడు. ఆ పనిమంతుల్లో నా పేరు పైన ఉండేది.

ఏవో గారు ఒక్క ప్రశ్న అడిగారు, ఆ మాట దాచకూడదు. "ఏమన్నా ప్రమాదం ఉంటుందా?"

"నేను చేశాక ప్రమాదం ఏంది సార్?" అన్నాను.

స్విచ్ వైర్లు సీటు కింద నుంచి బయటికి వచ్చే చోటే నాకు అందాయి. సీటు ఎత్తే అవసరం కూడా పడలేదు. జానెడు ఎర్ర వైరు ముక్కతో రెండింటినీ కలిపి పసుప్పచ్చ టేపు చుట్టాను. నల్ల టేపు అందరూ చుడతారు, పసుపుది నా గుర్తు. కోటయ్య ఎక్కి రెండు చుట్లు తిరిగాడు. గతుకుల్లో ఎగిరిపడ్డా బండి ఆగలేదు. దగ్గరకొచ్చాక చెప్పాను. "బాబాయ్, ఇక దిగితే ఆగదు. తాళం తిప్పి దిగు."

తల ఊపాడు. వినపడనివాళ్ళు ప్రతి మాటకూ తల ఊపుతారు. 'ఆఁ, ఏంది?' అని మూడోసారి అడగడానికి సిగ్గుపడి ఊపుతారు. మా వీధిలో చిన్నపిల్లలక్కూడా తెలిసిన సంగతి అది. నాకూ తెలుసు. అయినా ఊపింది చాలనుకుని నా బైకెక్కి వచ్చేశాను. అంతకుముందు జోకును మాత్రం చెవిలో నోరు పెట్టి చెప్పానే, అది ఇప్పుడు గుర్తొస్తుంటుంది.

మర్నాడు పదకొండు గంటలకు మళ్ళీ ఫోను. "వెంటనే రా" అని పెట్టేశారు.

నేను వెళ్ళేసరికి పచ్చిక పక్కన పెద్ద జనరేటరు మోగుతూ ఉంది. ఫంక్షను కోసం పొద్దున్నుంచీ నడిపి చూస్తున్నారట. మోవర్ సగం కోసిన చాలులో ఆగి ఉంది. ఒకతను బకెట్టుతో డెక్ మీద నీళ్ళు పోస్తున్నాడు. నేను చూట్ వైపు చూడలేదు.

తెల్లవారుజామున వాన పడింది. తడిగడ్డి ముద్దలు కట్టి చూట్‌లో ఇరుక్కుంది. కోటయ్య బండి దిగి, వంగి, చేత్తో ఆ ముద్ద లాగబోయాడు. లోపల బ్లేళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. కుడిచేతి నాలుగు వేళ్ళు. బొటనవేలు ఒక్కటి మిగిలింది.

"ఎట్టా ఉన్నాడు సార్?" అని ఏవో గారిని అడిగాను.

"గుంటూరు తీసుకుపోయారు. నువ్వు ముందు ఆ వైరు తీసెయ్."

"సార్..."

"ఎంక్వైరీ వస్తుందయ్యా. డైరెక్ట్ చేసింది ఎవరు? నువ్వు. లోపలికి పోయేది ఎవరు? నువ్వు. నీ మంచికే చెబుతున్నా. బండి ఎట్టా వచ్చిందో అట్టా పెట్టెయ్."

ఆ పూట నా చేతులు వణికాయని రాస్తే మీరు నమ్ముతారు, నాకూ కాస్త గౌరవంగా ఉంటుంది. వణకలేదు. చుట్టిన టేపు తీశాను, వైరు లాగేశాను, పాత కనెక్టరు బిగించాను. టేపు చుట్టిన గుర్తు కనపడకుండా ఆ చోట తడి మట్టి రాశాను. పెట్టడానికి పది నిమిషాలు పట్టింది, తీయడానికి రెండే. ఎర్ర వైరు ముక్క చొక్కా జేబులో వేసుకున్నాను. నా జన్మలో అంత శుభ్రంగా చేసిన పని ఇంకొకటి లేదు.

మూడో రోజు మేనేజ్‌మెంటు తరఫున ఒక పెద్దాయన ఎంక్వైరీకి వచ్చాడు. నెమ్మదైన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని బండెక్కాడు, ఇంజను వేయించుకున్నాడు, లేచి నిలబడ్డాడు. ఇంజను ఆగింది. మళ్ళీ కూర్చుని లేచాడు. ఆగింది. మూడోసారీ ఆగింది.

"స్విచ్ లక్షణంగా ఉందే" అని నా వైపు తిరిగాడు. "నువ్వేనా మెకానిక్కువి? ఇది ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుందా?"

"అవును సార్" అన్నాను.

ఇక లెక్క సూటిగా తేలిపోయింది. దిగితే బండి ఆగుతుంది. ఆగిన బండి వేళ్ళు కోయదు. కాబట్టి కోటయ్య దిగలేదు, సీట్లో కూర్చునే పక్కకు వంగి తిరిగే బ్లేడులో చెయ్యి పెట్టాడు. దానికి నిర్లక్ష్యం అని పేరు పెట్టారు. తాగి ఉన్నాడేమోనని ఎవరో ఒక చెయ్యి వేశారు. కల్లు వాసన కూడా గిట్టని మనిషి అతను. దిగానని ఆసుపత్రిలో ఎన్నిసార్లు చెప్పినా, బండి మాట ఒకటి, మనిషి మాట ఒకటి అయ్యాయి. బండి మాటే రాసుకున్నారు.

మర్నాడు అంజమ్మ పిన్ని గుంటూరు నుంచి బస్సు దిగి నేరుగా నా షాపుకొచ్చింది. చేతిలో ఖాళీ క్యారేజీ. బల్ల చూపిస్తే కూర్చోలేదు.

"ఒరే సైదులూ, ఆ బండిని నువ్వే గదా బాగుచేసింది?"

"ఆఁ పిన్నీ."

"దిగితే ఆగుద్దా, ఆగదా? అదొక్కటి చెప్పు."

నాకు భయమేసినప్పుడు జోకు వస్తుంది. అదొక జబ్బు. "బండి సంగతి బండినే అడగాలి పిన్నీ, నన్నడిగితే ఎట్టా?" అన్నాను, పళ్ళు ఇకిలిస్తూ.

ఆమె నవ్వలేదు, తిట్టనూ లేదు. "ఎకసెక్కాలొద్దు నాయనా. ఆయన చెయ్యి వంక కూడా చూసుకోట్లా. పైనున్న ఫ్యాను వంక చూస్తా ఒకటే మాట. 'గడ్డి అడ్డం పడ్డప్పుడల్లా దిగేవాణ్ని, దిగితే ఆగేది. రెండు నెల్ల నుంచీ అంతే. ఆ రోజు నేను దిగలేదా అంజీ? దిగాననుకున్నానా? నాకేమన్నా మతి పోయిందా?' అని నన్నడుగుతున్నాడు. నేనేం చెప్పను? నేను చూశానా? చూసినోళ్ళు లేరాయె. నువ్వు చెబితే నమ్ముతాడు."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ బండికి బ్లేళ్ళు ఆపే లీవరు ఒకటుంది, బ్రేకు ఉంది, తాళం ఉంది. అవేవీ కోటయ్యకు ఎవరూ నేర్పలేదు. రెండు నెలలుగా అతనికి తెలిసిన ఆపడం ఒక్కటే, లేచి నిలబడటం. పొద్దున ఎక్కేవాడు, గడ్డి ఇరుక్కుంటే దిగేవాడు, బండి ఆగేది, చేత్తో తీసేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. నేను తీసేసింది స్విచ్ కాదు, కోటయ్య తాళం. జనరేటరు మోతలో, ఆ చెవులతో, ఇంజను ఇంకా తిరుగుతోందని ఎట్టా తెలుస్తుంది? ఎప్పుడూ ఆగేది కాబట్టి ఆగిందనే అనుకున్నాడు.

"చెప్పరా" అంది పిన్ని.

"నాకు తెలవదు పిన్నీ" అన్నాను.

ఆమె క్యారేజీ ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఎర్ర వైరు ముక్క అప్పటికి నా చొక్కా జేబులోనే ఉంది.

రెండు రోజులు ఆగలేక ఆగాను. మూడో రోజు పొద్దున్నే గుంటూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. పక్కన కూర్చుని, నెమ్మదిగా, ఎవరూ వినకుండా చెప్పేద్దామని. వార్డులో అతని మంచం పక్కన నిలబడ్డాక గాని తట్టలేదు, కోటయ్యకు నెమ్మదిగా ఏదీ చెప్పలేమని.

"బాబాయ్, ఆ బండిని నేను డైరెక్ట్ చేశా" అన్నాను.

"బస్సులో వచ్చావా? కూర్చో."

"బస్సు కాదు బాబాయ్! బండి! స్విచ్ తీసేశా! నువ్వు దిగినా ఆగకుండా చేసింది నేనే!"

ఇరవై మంచాల వార్డు నా వైపు తిరిగింది. సెలైను మారుస్తున్న నర్సమ్మ ఆగిపోయింది. గుసగుసగా చెప్పుకోవాల్సిన మాటను ఊరికి దండోరా వేసినట్టు అరిచి చెప్పాను. అతనికి అందేదాకా మూడుసార్లు చెప్పాను.

కోటయ్య కళ్ళు మొదట పిన్ని వైపు తిరిగాయి. "అయితే దిగాను. అంజీ, విన్నావా? నేను దిగాను!" ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో వచ్చిన వెలుతురు చూసి నేను తలొంచుకున్నాను. వేళ్ళు పోయినా, మతి పోలేదని తెలిసినందుకే ఆ మనిషి బతికిపోయాడు.

తర్వాత నిదానంగా అడిగాడు. "మరి ఆ పెద్దాయన లేస్తే ఆగిందంటగా?"

"వైరు తీసేశా బాబాయ్."

"ఎప్పుడు?"

"అదే రోజు. నిన్ను తీసుకుపోయిన గంటకి."

కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో ఎత్తి పొట్ట మీద పెట్టుకున్నాడు. "వైరు కట్టావు, చెయ్యి పోయింది. తెలవక కట్టావు, పోతే పోయిందిలే అనుకుంటా. తీశావు చూడు... అది తెలిసే తీశావు గదరా. దానికి నిన్నేం చెయ్యాల్రా నేను?"

నా దగ్గర జోకు లేదు. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అక్కణ్ణుంచే కాలేజీకి, ఎంక్వైరీ పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. కాగితం ఇమ్మన్నాను. ఏడో తరగతి తర్వాత నేను రాసిన మొదటి పేజీ అదే. 'సీటు స్విచ్ నేనే డైరెక్ట్ చేసినాను, ప్రమాదం అయినాక నేనే తీసినాను, కోటయ్య బండి దిగినమాట నిజము' అని రాసి సంతకం పెట్టి, ఎర్ర వైరు దాని మీద పెట్టాను. ఎవరు తీయమన్నారో కూడా రాశాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "ఇది నీ మీదకే వస్తుంది, తెలుసా?"

"రానీయండి సార్."

"మంచివాడివే" అని నిట్టూర్చి పక్కనున్న రిజిస్టరు తెరిచి నా వైపు తిప్పాడు. కాలేజీకి కూలీలను పెట్టే కాంట్రాక్టరు హాజరు పట్టీ అది, కోటయ్య పనిచేసిందీ ఆ కాంట్రాక్టరు కిందే. వేలు పెట్టి కిందిదాకా లాగాడు. "ఇందులో కోటయ్య అని ఎవరూ లేరయ్యా. బండి వచ్చిన ఈ రెండు నెలల్లో ఎక్కడా లేరు. వైరు ఉంటే ఏం, లేకపోతే ఏం? ప్రమాదం జరిగిందంటే పనివాడంటూ ఒకడు ఉండాలి కదా."

ఆ పేజీ వంక చూస్తూ నిలబడ్డాను. నువ్వు సీట్లో ఉన్నావంటే నమ్మట్లా అని నేను నవ్వించిన మాట అక్కడ తాపీగా, గళ్ళు గీసిన కాగితం మీద ఎవరో రాసిపెట్టినట్టుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నా కాగితం ఫైల్లో పెట్టుకున్నారు. నా మీదకు ఏదీ రాలేదు. ఎందుకొస్తుంది? లేని మనిషికి జరగని ప్రమాదంలో నేను మాత్రం నేరస్తుణ్ని ఎట్టా అవుతాను? నెల తర్వాత 'మానవతా దృక్పథంతో' అని బ్యానరు కట్టి కోటయ్యను కాలేజీకి పిలిచారు. బాధ్యత లేదని చెప్పడానికి మన ఆఫీసుల్లో వాడే మర్యాదైన మాట అది. శాలువా కప్పి, చేతిలో కవరు పెట్టి, అదే పచ్చిక మీద ఫొటో తీశారు. కవరు పట్టుకోవడానికి అతను అలవాటుగా కుడిచెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని ఎడమది చాపాడట. పిన్ని చెప్పలేదు, ఫొటో తీసినవాడు చెప్పాడు. పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. ఇప్పుడు కోటయ్య ఒక నాపరాళ్ళ యార్డులో కాపలా ఉంటున్నాడు. షాపు ముందు నుంచే పోతుంటాడు. నేను 'బాబాయ్' అంటే వినపడనట్టు పోతాడు. నిజంగా వినపడకో, వినపడీ పోతాడో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే గట్టిగా అరవాలి. అరవను.

కాలేజీవాళ్ళకు ఈ వ్యవహారంలో ఒక పాఠం అందింది. ఎనభై అయిదు కేజీల మనిషిని పెట్టుకున్నారు. బండి ఇప్పుడు ఒక్కసారి కూడా ఆగడం లేదట.

నాకు అందిన పాఠం వేరు. అప్పట్నుంచి షాపుకు ఏ మిషను తెచ్చినా ఒక ప్రశ్న అడుగుతున్నాను. "దీన్ని ఎట్టా ఆపుతావు?" అందరూ స్టార్టు చేసి చూపించడానికి తాడు పట్టుకుంటారు. స్టార్టు కాదు, ఆపి చూపించమంటాను. చానామంది తికమక పడతారు. ఒకడు స్ప్రేయరు ఇంజను గాలి పీల్చే చోట గుడ్డతో మూసి ఆపుతానన్నాడు, ఒకడు పెట్రోలు అయిపోయేదాకా ఆగుతానన్నాడు. మోవర్ లాంటి బండ్లయితే నడిపేవాడి చేతే చేయించి చూస్తాను. ముందు బ్లేళ్ళ లీవరు ఆపాలి, బ్రేకు వెయ్యాలి, తాళం తీసి జేబులో వేసుకోవాలి, బ్లేడు పూర్తిగా నిలబడేదాకా సీట్లోంచి కదలకూడదు. చూట్‌లో గడ్డి తియ్యాలంటే, ఇంజను పొరపాటున కూడా తిరక్కుండా ప్లగ్గు వైరు కూడా పీకి, కర్రతో తియ్యాలి, చెయ్యి పెట్టకూడదు. తల ఊపితే ఒప్పుకోను. డైరెక్ట్ చెయ్యమంటే చెయ్యను. వాళ్ళు నన్నొక చూపు చూసి పక్క షాపుకు పోతారు. అక్కడ పది నిమిషాల్లో అయిపోతుంది.

ఒక సంగతి చివరికి మిగిలింది. ఇది చెప్పకుండా ముగించాలని చానా అనుకున్నాను.

శాలువా కప్పిన కొన్నాళ్ళకు ఫోనులో ఆ రకం బండి వీడియో ఒకటి కనపడింది. భాష అర్థం కాలేదు, చేతులు అర్థమయ్యాయి. ఒకతను సీటును ముందుకు మడిచి, కిందనున్న స్ప్రింగు బోల్టులు రెండు విప్పి, స్ప్రింగును వెనకనున్న మరో రెండు బెజ్జాల్లోకి జరిపి బిగించాడు. తర్వాత పద్నాలుగేళ్ళుంటాయేమో, ఒక సన్నటి పిల్లను కూర్చోబెట్టాడు. బండి గతుకుల్లో పోతోంది, ఆగడం లేదు. పిల్ల దిగింది, ఆగింది. స్ప్రింగు వెనక్కి జరిగితే తక్కువ బరువుకే సీటు కిందికి దిగి, స్విచ్ నొక్కుకునే ఉంటుంది.

మర్నాడు ఏదో వంక చెప్పి కాలేజీకి వెళ్ళి ఆ మోవర్ సీటు ఎత్తి చూశాను. ఉన్నాయి. ముందు జతలో బోల్టులున్నాయి. వెనక జత బెజ్జాలు ఎవరూ తాకక, గడ్డిపొడీ మట్టీ నిండి మూసుకుపోయి ఉన్నాయి. పుల్లతో పొడిచి శుభ్రం చేశాను. బండి తయారుచేసినప్పుడే, మనవైపు మొహం కూడా చూడని ఎవడో, ఈ సీట్లో ఒకనాడు యాభై కేజీల మనిషి కూడా కూర్చుంటాడని తలుచుకుని ఆ రెండు బెజ్జాలు వేసి పెట్టాడు. రెండు బోల్టులు, అయిదు నిమిషాలు. కోటయ్యను నమ్మే ఏర్పాటు ఆ బండిలో మొదట్నుంచీ ఉంది.

సీటు ఎత్తి చూడటానికి ఆ రోజు నాకు తీరిక లేకపోయింది. జోకు వెయ్యడానికి మాత్రం ఉంది.